కాయ ముదిరేదాకా పేరు పెట్టకు

శ్రీకాకుళం

చిరంజీవి తల్లికి మేష్టారి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, వాటి వెనకాల వరసగా పెట్టిన మెసేజ్‌లు అన్నీ చూశాను. మందస పైన, మహేంద్రగిరి వైపు ఎక్కే గట్టు మీద నీకు కనబడిన తెల్లపూల మొక్క క్యారెట్ కుటుంబానిదే. అందులో అనుమానం అక్కర్లేదు. ఒకే చోటి నుంచి గొడుగు ఊచల్లా విచ్చుకున్న కాడలు, ఒక్కో కాడ చివర మళ్లీ చిన్న గొడుగు, ఆకు కాడ అడుగున కాండాన్ని చుట్టేసిన తొడుగు, నలిపితే వాము వాసన వచ్చిందని నువ్వు రాసిన మాట, ఇవన్నీ కలిపి చూస్తే ఆ కుటుంబం, అంటే ఏపియేసీ, తప్ప ఇంకోటి కాదు. నువ్వు అడిగింది అది కాదులే. "ఇది కొత్త జాతి అనిపిస్తోంది మేష్టారూ, ఈ నెల్లోనే పేపర్ రాసి పంపేద్దామా?" అన్నావు.

వద్దమ్మా. కాయ ముదిరేదాకా ఆగు. నీ ఫోటోల్లో పూలున్నాయి, ఆకులున్నాయి, ఒకటి రెండు చోట్ల పచ్చి పిందెలున్నాయి. ముదిరిన కాయ ఒక్కటీ లేదు. ఈ కుటుంబంలో కాయ లేకుండా రాసిన వర్ణనను తెలిసినవాడెవడూ నమ్మడు. నమ్మకూడదు కూడా.

ఎందుకో వివరంగా చెప్తాను. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 3,700 జాతులున్నాయి. వాటిలో చాలావాటి పూలు పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. ఐదు రేకులు, ఐదు కేసరాలు, లోపలికి వంగిన రేకు కొన, రేకుల కింద అండాశయం, దాని నెత్తిన తేనె ఊరే ఉబ్బెత్తు భాగం స్టైలోపోడియం. రంగు చూస్తే ఎక్కువగా తెలుపు, లేదా పసుపు. ఆకుల్ని నమ్ముకుందామా అంటే అవి ఇంకా మోసం చేస్తాయి. ఒకే మొక్కకు నేలబారు ఆకు గుండ్రంగా, చీలికల్లేకుండా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ ఆకు దారాల్లా చీలిపోతుంది. ఈ కుటుంబంలోనే పింపినెల్లా అనే ప్రజాతి మొక్కల్లో ఇది మామూలు. నీడలో పెరిగిందీ, బండ మీద ఎండలో పెరిగిందీ తెచ్చి చూపిస్తే రెండు జాతులని ఒట్టు వేసి చెప్పేవాళ్లున్నారు.

అసలు తేడాలు కాయలో ఉంటాయి. కాయ ముదిరాక రెండు ఫలాంశాలుగా విడిపోతుంది. మధ్యలో సన్నటి పుల్ల కార్పోఫోర్ నిలబడి, రెండు కొనలకూ రెండు ఫలాంశాలు వేలాడతాయి. ఒక్కో ఫలాంశం మీద ఐదు గట్లుంటాయి. గట్ల మధ్య పల్లాల్లో, రెండు ఫలాంశాలూ అతుక్కుని ఉండే ముఖం మీద నూనె గొట్టాలుంటాయి, వాటినే విట్టాలంటాం. గట్టు సన్నంగా ఉందా, రెక్కలా సాగిందా, పల్లానికి ఒక విట్టా ఉందా, రెండు మూడున్నాయా, కాయ వీపు వైపు నుంచి అణిగిందా, పక్కల నుంచి అణిగిందా, నూగు ఉందా, ముళ్లున్నాయా, బొడిపెలున్నాయా. నీ మొక్క ఎవరికి చుట్టమో, ఎవరికి కాదో చెప్పడానికి ఇవి తెలియాలి. పిందెలో ఇవేవీ తేలవు. గట్లు పైకి లేవడం, రెక్కలు సాగడం అంతా ముదిరేటప్పుడే.

కాయలు దొరికేలోపు ఖాళీగా కూర్చోకు. ఇంట్లో పోపుల డబ్బా దించు. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు, ఇవన్నీ నీ మొక్కకు బంధువులే, పైగా ఇవన్నీ కాయలే. మనం గింజలంటాం గానీ ఒక్కటీ ఉత్త గింజ కాదు. వేడినీళ్లలో కాసేపు నానబెట్టు. బంగాళదుంప ముక్కకు గాటు పెట్టి అందులో కాయను నిలువుగా దూర్చి, కొత్త బ్లేడుతో అడ్డంగా పల్చటి పొరలు కొయ్యి. శాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టు. సోంపులో ఒక్కో ఫలాంశానికి వీపు వైపు నాలుగు విట్టాలు, అతుకు ముఖం మీద రెండు, మొత్తం ఆరు కనబడాలి. అవి కనబడలేదంటే నీ పొర మందంగా ఉందని అర్థం, మళ్లీ కొయ్యి. ధనియంలో అతుకు ముఖం వైపు రెండే ఉంటాయి, వీపు వైపు ఉండవు. ధనియం రెండు ఫలాంశాలూ విడిపోకుండా గుండ్రంగా అతుక్కునే ఉంటాయి కాబట్టే కొత్తిమీర చల్లేముందు మీ అమ్మమ్మ వాటిని నలిపి రెండు చేసేది. జీలకర్రను లెన్స్ కింద పెడితే సన్నటి నూగు కనబడుతుంది. వాము మీద బొడిపెలు. సోయికూర గింజ దొరికితే అది కూడా చూడు, వీపు వైపు నుంచి బాగా అణిగి, అంచు గట్లు రెక్కల్లా సాగి ఉంటుంది. క్యారెట్ విత్తనం కొంటే మాత్రం ఒకటి గుర్తుంచుకో, దాని ముళ్లను రాచి తీసేసి అమ్ముతారు, ప్యాకెట్‌లో వచ్చింది చూసి క్యారెట్ కాయకు ముళ్లు లేవని రాసుకోకు.

ఈ నాలుగైదు రకాల కాయలూ నీ చేత్తో కోసి, నీ చేత్తో బొమ్మ గీసుకున్నాక కొండ మీద కాయ నీకు వేరేగా కనబడుతుంది. చేతికి ఈ పని అలవాటు కాకుండా అరుదైన మొక్క కాయల్ని కోయడానికి కూర్చోవద్దు. వాటిని పాడు చేసుకుంటే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇక కొండ మీద పని. ఇప్పుడు పూత మీదున్న మొక్క కాయ ముదిరేసరికి కార్తీకం వస్తుందని నా అంచనా. మన వైపు అది తుపాన్ల కాలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఆ గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లే నిలబడలేదు, గొడుగు పూత నిలబడుతుందా? అందుకని ఇప్పుడే వెళ్లి రెండు మూడు మొక్కల పూగుత్తులకు పల్చటి గుడ్డ సంచులు వదులుగా కట్టిరా. కాయలు ముదిరి రాలినా సంచిలోనే ఉంటాయి. వాతావరణ శాఖ అల్పపీడనం అంటే మాత్రం కొండ ఎక్కకు. మొక్క ఈ ఏడాది పోతే వచ్చే ఏడాది చూద్దాం.

సంచి కట్టిన ప్రతి మొక్కకూ నంబరు చీటీ కట్టు, అదే నంబరు నోట్‌బుక్కులో రాయి. నేలబారు ఆకులు కాయ కాలానికి ఎండి మాయమైపోతాయి కాబట్టి వాటిని ఇప్పుడే సేకరించాలి. కాయల్ని తర్వాత సేకరిస్తావు. రెండూ ఒకే మొక్కవని రేపు నువ్వు రుజువు చేయగలగాలి. చీటీ లేకపోతే ఒకదాని ఆకు, ఇంకోదాని కాయ కలిపి లేని మొక్కను వర్ణించే ప్రమాదం ఉంది. ఈ కుటుంబం చరిత్రలో అలాంటి కలగాపులగాలు లేకపోలేదు.

ఎన్ని మొక్కలున్నాయో ముందు లెక్కపెట్టు, తర్వాతే చెయ్యి వెయ్యి. ఇరవై మొక్కలకు ఒకటి మించి పెరకకు. పదో పదిహేనో ఉన్నాయంటే వేరుతో ఒక్కటి కూడా తియ్యొద్దు, ఒక కొమ్మతో, ఫోటోలతో సరిపెట్టుకో. ఈ కుటుంబంలో కొన్ని ఏళ్ల తరబడి ఆకులతోనే బతికి, ఒక్కసారి పూసి కాసి చచ్చిపోతాయి. నువ్వు పీకింది ఆ ఒక్కసారి పూతే కావచ్చు. మొక్కలు బాగా ఉంటే మాత్రం వేరు తప్పకుండా కావాలి. దుంప ఉందా, తల్లివేరు ఉందా, మెడ దగ్గర పాత ఆకుల తొడుగుల పీచు మిగిలి ఉందా అన్నది జాతిని పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. చిన్న గునపంతో చుట్టూ మట్టి లూజు చేసి తియ్యి, లాగొద్దు.

నాలిక మీద పెట్టుకోవద్దు. నలిపి వాసన చూడు, అంతే. మన వైపు ఆకు నమిలి పేరు చెప్పే అలవాటు చాలామందికి ఉంది, నీకూ ఉందని నాకు తెలుసు. కొత్తిమీరనూ జీలకర్రనూ ఇచ్చిన కుటుంబమే హెమ్లాక్‌నూ ఇచ్చింది. క్రీస్తుపూర్వం 399లో సోక్రటీస్‌కు తాగించిన విషం అదే. ఇదే కుటుంబంలోని హెరాక్లియమ్ జాతుల రసం చర్మానికి అంటి, దాని మీద ఎండ పడితే బొబ్బలెక్కుతాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకో, నలిపిన వేళ్లతో కళ్లు నులుముకోకు, వాగు దగ్గరికి రాగానే చేతులు కడుక్కో.

మొక్కలు నొక్కడం నీకు నేర్పించే ఉన్నాను. వానాకాలపు తేమలో కాగితాలు మొదటి నాలుగైదు రోజులు రోజూ మార్చకపోతే ఈ పల్చటి ఆకులు నల్లబడిపోతాయి. పూలు కొన్ని డెబ్బై శాతం ఆల్కహాల్ సీసాలో వెయ్యి, ఎందుకంటే ఆరిన పువ్వులో రేకు కొన ఎటు వంగిందో తెలీదు. లేత ఆకు ముక్కల్ని కాగితం పొట్లంలో కట్టి సిలికా జెల్‌లో పెట్టు, అది డీఎన్‌ఏ కోసం. గొడుగు అడుగున పుచ్ఛాలు, అంటే చిన్న ఆకుల్లాంటివి, ఉన్నాయా లేవా, ఉంటే ఎన్ని, చిన్న గొడుగుల అడుగున ఎన్ని, పుచ్ఛాలు రాలిపోతాయా నిలుస్తాయా, గుత్తి అంచు పూల బయటి రేకులు లోపలి వాటికంటే పెద్దవా, ఇవన్నీ మొక్క పచ్చిగా ఉన్నప్పుడే రాసుకో. కొలిచేటప్పుడు అది నడి గొడుగో, పక్క కొమ్మల గొడుగో కూడా రాయి. నడి గొడుగు ముందు పూస్తుంది, ద్విలింగ పుష్పాలు దాన్లో ఎక్కువ. పక్కవాటిలో మగ పూలు పెరుగుతాయి. రెండూ కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

కొండ కింది సవర ఊళ్లలో పెద్దవాళ్లని అడుగు. ఆ మొక్కను వాళ్లు ఎన్నో తరాలుగా చూస్తున్నారు. పేరు చెప్తే చెప్పినవాళ్లు పలికినట్టే రాసుకో. మందుగా వాడతామంటే అది వాళ్లనడక్కుండా అచ్చు వెయ్యొద్దు. దారి చూపించిన మనిషి పేరు పేపర్లో కృతజ్ఞతల్లో కచ్చితంగా ఉండాలి.

అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో లేకుండా ఒక్క కొమ్మ కూడా తెంపకు. గట్టుకు అవతలి వాలు ఒడిశాది. మహేంద్రగిరి శిఖరం అసలు గజపతి జిల్లాలో ఉంది. నీ మొక్క రెండు వైపులా ఉంటే రెండు రాష్ట్రాల అనుమతులూ కావాలి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఎక్కడ నిలబడ్డావో చూసుకో, కొండ మీద సరిహద్దు రాయి కనబడదు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద పని గురించి చెప్తాను. చాలామంది తొందరపడేది ఇక్కడే. కొత్త జాతి కొండ మీద దొరకదమ్మా. కొండ మీద దొరికేది మొక్క. అది కొత్తదని తేలేది ఎండు మొక్కల నమూనాలు దాచిపెట్టే హెర్బేరియంలో, ఇప్పటిదాకా పేరు పెట్టిన ప్రతి దగ్గరి చుట్టంతోనూ పక్కపక్కన పెట్టి చూశాక. "ఏ పుస్తకంలోనూ లేదు" అన్నావు. ఏ పుస్తకాలు చూశావు? పుల్లయ్య గారి ఆంధ్రప్రదేశ్ వృక్షజాలం చూసి ఉంటావు. అది చాలదు. మన సోంపేట, టెక్కలి ప్రాంతాలు 1936 దాకా గంజాం జిల్లాలోవి, గంజాం మద్రాస్ ప్రెసిడెన్సీలోది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మహేంద్రగిరి అటు వెళ్లింది, మందస ఇటు మిగిలింది. కొండకు ఆ గీతతో పని లేదు గానీ పుస్తకాలకు ఉంది. కాబట్టి గ్యాంబుల్ మొదలుపెట్టి ఫిషర్ పూర్తి చేసిన మద్రాస్ ప్రెసిడెన్సీ వృక్షజాలం చూడాలి, సక్సేనా, బ్రహ్మం రాసిన ఒడిశా వృక్షజాలం నాలుగు సంపుటాలూ చూడాలి, హూకర్ బ్రిటిష్ ఇండియా వృక్షజాలం రెండో సంపుటంలో క్లార్క్ రాసిన ఈ కుటుంబం భాగం అక్షరం వదలకుండా చదవాలి. అది 1879 నాటిది. పాతదని తీసిపారెయ్యకు, అందులో కాయ వర్ణనలు బాగుంటాయి.

హెర్బేరియంలో వెతికేటప్పుడు కూడా ఇదే తెలివి వాడు. పాత చీటీల మీద శ్రీకాకుళం అని ఉండదు, మన జిల్లా పుట్టిందే 1950లో. గంజాం అని, మహేంద్రగిరి అని, విశాఖపట్నం అని, ఉత్తర సర్కారులని ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న కాలంలో సర్కారు కొండల మొక్కలు ఎన్నో సేకరించాడు, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ చిత్రకారుల్లో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు గానీ ఆ బొమ్మలు ఇవాళ్టికీ జాతుల్ని తేల్చడానికి పనికొస్తున్నాయి. నీ మొక్క రెండొందల ఏళ్ల కింద ఎవరో గీసి, పేరు పెట్టి, తర్వాత అందరూ మర్చిపోయినది కాదని నీకు నువ్వు నమ్మకం కలిగేదాకా వెతుకు.

ముందు కోయంబత్తూరులో మద్రాస్ హెర్బేరియం, తర్వాత హౌరాలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియం. రెండూ బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియావే. ఇండియన్ వర్చువల్ హెర్బేరియంలోనూ, లండన్‌లోని క్యూ తోట వెబ్‌సైట్‌లోనూ టైప్ నమూనాల, అంటే జాతి పేరుకు ఆధారంగా పెట్టిన నమూనాల, స్కాన్లు ఇంటి నుంచే చూడొచ్చు. కానీ స్కాన్‌లో విట్టాలు కనబడవు, కాయను తిప్పి చూడలేవు. స్కాన్లతో జాబితా తగ్గించుకుని, మిగిలిన వాటికోసం రైలెక్కు. హెర్బేరియం షీటు మీద కాయ కోయాలంటే క్యూరేటర్ అనుమతి అడగాలి, టైప్ నమూనా మీదైతే అడగను కూడా అడక్కు, కవర్లో రాలి ఉన్న కాయ దొరికితే లెన్స్‌తో చూసి అలాగే పెట్టెయ్యి.

ఎవరితో పోల్చాలో కూడా చెప్తాను. పింపినెల్లాలతో మొదలుపెట్టు, దక్కనులోనూ కనుమల్లోనూ ఉన్నవాటన్నిటితో. తిరుపతి కొండల్లో మాత్రమే ఉండే పింపినెల్లా తిరుపతియెన్సిస్ ఉంది చూడు, అక్కడివాళ్లు కొండ కొత్తిమీర అంటారు, దాన్ని తప్పకుండా చూడు. తర్వాత హెరాక్లియమ్, ప్యూసిడానమ్. మన ఎత్తు కొండల మొక్కలకు ఒకవైపు నీలగిరుల్లో, ఇంకోవైపు హిమాలయాల్లో చుట్టాలుంటారు, అందుకని పక్క జిల్లాతో పోల్చి ఊరుకోవద్దు.

డీఎన్‌ఏ గురించి పెద్దగా చెప్పను, నాకంటే నీకే బాగా తెలుసు. ఈ కుటుంబంలో డీఎన్‌ఏలోని ఐటీఎస్ అనే భాగాన్ని అందరూ చదువుతారు, జెన్‌బ్యాంక్ అనే డీఎన్‌ఏ సమాచార నిధిలో పోల్చుకోవడానికి బోలెడు ఉన్నాయి. అది చెయ్యాల్సిందే, ఎందుకంటే కాయ రెక్కలు, కాయ అణగడం వంటివి వేర్వేరు శాఖల్లో వేర్వేరుగా పుట్టుకొచ్చాయని డీఎన్‌ఏ చూపించాక ప్యూసిడానమ్, పింపినెల్లా లాంటి పాత ప్రజాతులు ముక్కలవుతున్నాయి. జాతిని కాయ పట్టిస్తుంది, ఏ ప్రజాతిలో పెట్టాలో మాత్రం కాయ ఒక్కటే చెప్పలేదు. అలాగని ఐటీఎస్‌లో నాలుగు అక్షరాల తేడా చూపించి, కంటికి కనబడే తేడా ఒక్కటీ చెప్పలేని జాతిని తేవద్దు. రేపు కొండ మీద ఫారెస్ట్ గార్డుకు అది ఎలా తెలియాలి?

రాయడం. ముందు నిర్ధారణ రాయి, అంటే డయాగ్నోసిస్. నీ జాతికి అతి దగ్గరి జాతి ఏది, దాన్నుంచి ఏయే లక్షణాల్లో వేరు, అంతే. నాలుగు వాక్యాలు మించొద్దు. మూడు నిలకడైన తేడాలు చాలు, అందులో ఒకటి కాయలో ఉండాలి. "ఆకులు కొంచెం పెద్దవి" అన్నది తేడా కాదు. కొలతల్లో రెండు జాతుల అంకెలూ కలిసిపోతుంటే అది తేడాగా రాయకు.

ఆ తర్వాత పూర్తి వర్ణన. వేరు నుంచి మొదలుపెట్టి కాండం, ఆకు, గొడుగు, పువ్వు, కాయ వరసలో వెళ్లు. నీ పేపర్ చదివేవాడు ఎప్పుడూ మందస రాడు. వాడి చేతిలో ఇంకెక్కడో దొరికిన ఎండు కొమ్మ ఉంటుంది. నీ మాటలు మాత్రమే చూసి వాడు అవునో కాదో తేల్చుకోవాలి. ఆ మనిషిని మనసులో పెట్టుకుని ప్రతి వాక్యం రాయి. "అందమైన", "ప్రత్యేకమైన" లాంటి మాటలు వాడికి పనికిరావు. "కాయ 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు, నూగు లేదు, పల్లానికి మూడేసి విట్టాలు" అంటే పనికొస్తుంది. ఈ అంకెలు మాటవరసకు చెప్పాను, నీవి నువ్వు కొలువు. ఒక్క మొక్క కొలిచి ఊరుకోక, వేర్వేరు మొక్కల నుంచి తీసుకుని అతి చిన్నది, అతి పెద్దది రెండూ ఇవ్వు. పచ్చిదాన్ని కొలిచావా, ఎండినదాన్నా అన్నది చెప్పు.

కొత్త జాతి వర్ణన లాటిన్‌లో ఉండాలన్న పాత నియమం గురించి టెన్షన్ పడకు. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. ఫోటోలు ఎన్నున్నా సరే, గీత బొమ్మ ఒకటి ఉండాలని నా పట్టుదల. నియమం అడగదు, నేనడుగుతున్నాను. కాయ అడ్డకోత బొమ్మలో విట్టాలు నల్లగా నింపి చూపిస్తే పేజీ మాటలు ఆదా అవుతాయి. పైగా గీసేటప్పుడు కన్ను చూసినంతగా ఫోటో తీసేటప్పుడు చూడదు.

హోలోటైప్, అంటే నీ జాతి పేరుకు ఆధారమయ్యే నమూనా, ఒక్కటే షీటు, ఒక్కటే హెర్బేరియం. ఆ హెర్బేరియం పేరు పేపర్లో స్పష్టంగా ఉండాలి, లేకపోతే పేరు చెల్లదు. పూలతో ఉన్నదాని కంటే ముదిరిన కాయలున్న షీటునే హోలోటైప్ చెయ్యి. పూలూ కాయలూ ఒకే కొమ్మ మీద దొరికితే అదృష్టమే. నకళ్లు రెండు మూడు చోట్ల ఉంచు. మన జీవవైవిధ్య చట్టం, 2002 నాటిది, కొత్త జాతి కనుక్కున్నవాళ్లు ఆ సంగతి ప్రభుత్వం నిర్దేశించిన సంస్థకు తెలియజేసి నమూనా అక్కడ పెట్టాలంటుంది. బొటానికల్ సర్వే అలాంటి సంస్థే. కాలేజీ బీరువాలో పెట్టి ఊరుకుంటే కుదరదు, చెదలు ఎన్ని షీట్లు తిన్నాయో నాకు తెలుసు. విదేశీ నిపుణుడికి నమూనా పంపాలనిపిస్తే ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూడు.

పేరు గురించి ఇప్పట్నుంచీ ఆలోచించకు. నాకు నువ్వు రాసిన పేరు, నా పేరు మీద పెట్టాలన్నది, వద్దు తల్లీ. నీ అభిమానం నాకు తెలుసు. కొండ పేరో, కాయ లక్షణమో పెట్టు. ప్రజాతి ఏ లింగమో చూసుకుని ముగింపు అక్షరాలు సరిచెయ్యి, కొండ పేరు చివర పింపినెల్లా అయితే ఎన్సిస్, హెరాక్లియమ్ అయితే ఎన్సె. మొక్కల పేర్ల అంతర్జాతీయ సూచిక ఐపీఎన్‌ఐ జాబితాలో ఆ పేరు ముందే ఎవరైనా వాడారేమో చూడు.

అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు. పేపర్‌వాళ్లకు అసలే వద్దు. వార్తాపత్రికలో అచ్చయిన పేరు 1953 నుంచీ లెక్కలోకి రాదు, థీసిస్‌లో రాసుకున్న పేరు కూడా మామూలుగా చెల్లదు. పేరు చెల్లకపోగా చోటు మాత్రం ఊరందరికీ తెలిసిపోతుంది. అచ్చయ్యాక కూడా జీపీఎస్ అంకెలు పూర్తిగా ఇవ్వకు, కొండ పేరు, ఎత్తు చాలు, పూర్తి వివరం హెర్బేరియం దగ్గర ఉంటుంది. జర్నల్ విషయంలో ఫైటోటాక్సా, నార్డిక్ జర్నల్, మన రీడియా, ఏదైనా సరే. వారంలో అచ్చు వేస్తామని, డబ్బు కట్టమని మెయిల్ పెట్టేవాటి జోలికి పోవద్దు. తప్పులు పట్టే రివ్యూయర్ దొరికితే విసుక్కోకు, కాయ గురించి అడిగే ప్రతి ప్రశ్నకూ మళ్లీ వెళ్లి కోసి చూసి జవాబు రాయి.

ఒకే చోట చూశావు కాబట్టి అది అంతరించిపోబోతోందని రాయాలనిపిస్తుంది. ఆ మాట రాసే ముందు చుట్టుపక్కల గట్లన్నీ వెతుకు. దొరికిన చోట్లను రెండు కిలోమీటర్ల గడుల్లో పెట్టి లెక్కకట్టడం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ పద్ధతి. వెతక్కుండా వేసిన లెక్క లెక్క కాదు. వెతికినా సమాచారం చాలకపోతే సమాచార లోపం అన్న వర్గంలో పెట్టడం సిగ్గుపడే విషయం కాదు. కానీ మంట పెట్టిన పోడు, పశువుల మేత, క్వారీ దారి, ఏది కంటితో చూస్తే అది తేదీతో సహా రాయి. రక్షించడానికి రేపు ఎవరైనా ముందుకొస్తే వాళ్లకు కావాల్సింది ఆ వివరాలే.

ఒకవేళ వెతగ్గా వెతగ్గా అది పాత జాతే అని తేలిందనుకో. ఆ జాతి మన జిల్లాలో ఉందని మొదటిసారి రుజువు చేసినదానివి నువ్వే అవుతావు. అది కూడా రాయి, అంతే శ్రద్ధగా. ఆ కాయ అడ్డకోత ఎవరూ సరిగ్గా గియ్యకపోయి ఉంటే నీ బొమ్మే మొదటిదవుతుంది.

వచ్చే వారం గుడ్డ సంచులు కట్టడానికి వెళ్తావు కదా, ఒంటరిగా వెళ్లకు, ఫారెస్ట్ వాచర్‌నీ, ఊరి మనిషి ఒకర్నీ తీసుకెళ్లు, మధ్యాహ్నం రెండింటికల్లా దిగడం మొదలుపెట్టు. జోళ్లలోకి జలగలు రాకుండా మేజోళ్లలో ప్యాంటు దోపుకో. నా దగ్గర ఇరవై రెట్ల లెన్స్ ఉంది, మీ అత్తయ్య చేత పంపిస్తాను. సోంపు కోతల స్లైడ్లు ఆరు విట్టాలూ కనబడేలా తయారయ్యాక ఫోటో తీసి పెట్టు, ఆ తర్వాత కాయల సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మేష్టారు